ఈఈజీ నార్మల్ వచ్చింది, మాత్రలు ఆపేయొచ్చా?

కావలిలో మాది మెడికల్ షాపు. ఫిట్స్ మాత్రలకి వచ్చేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "నెల్లూరు పోయి పరీక్ష చేయించినాం, ఈఈజీ నార్మల్ అని రాసిచ్చినారు, ఇంక ఈ మాత్రలు ఆపేయొచ్చు గదా సార్?" ఆ అడగడంలో ఎంత ఆశ ఉంటుందంటే, కాదని చెప్పడానికి నోరు రాదు. చెప్పినా ఎందుకు కాదో కూడా చెప్పాలి. ఆ కథ మొదలుపెట్టేలోపు వెనక నిలబడినాయన "ఒక డోలో స్ట్రిప్పు ఇచ్చెయ్యి సామీ, బస్సు పోతా ఉంది" అంటాడు. కౌంటర్ మీద కుదరనిది ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. బి.ఫార్మసీ చదివి, షాపులో కూర్చుని, మా అక్క కూతురికి ఇదే జబ్బు వస్తే దగ్గరుండి చూసినవాణ్ణి. అంతవరకే నా అర్హత.

ఈఈజీ అంటే తలమీద వైర్లు అంటించి మెదడులో నడిచే కరెంటుని గీతలుగా తీయడం. మామూలుగా 20, 30 నిమిషాలు తీస్తారు. 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే డాక్టరు మొదటిసారి మనిషి తలమీద నుంచి ఈ గీతల్ని పట్టుకున్నాడు. నూరేళ్ళు దాటింది, యంత్రాలు కంప్యూటర్లయ్యాయి, కానీ ఒక ఇబ్బంది అట్లానే ఉంది. నెలకో, రెండు నెలలకో ఒకసారి వచ్చే ఫిట్స్ సరిగ్గా ఆ అరగంటలోనే రావాలని ఎక్కడుంది? ఫిట్స్ రాని వేళల్లో కూడా కొందరి గీతల్లో సన్నటి ముళ్ళలాంటి తేడాలు కనిపిస్తాయి, డాక్టర్లు వెతికేది వాటినే. ఆ ముళ్ళు కూడా ఎప్పుడూ ఉండవు. జబ్బు నిజంగా ఉన్నవాళ్ళలోనే దాదాపు సగం మందికి మొదటి ఈఈజీ నార్మల్‌గా వస్తుంది. రాత్రి సరిగ్గా నిద్రపోనీయకుండా పొద్దున తీస్తే దొరికే అవకాశం కొంచెం పెరుగుతుంది. ఇంకో పక్క, జన్మలో ఫిట్స్ ఎరగని మనుషుల్లో కూడా కొందరికి గీత తేడాగా వస్తుంది. అందుకని నార్మల్ అని రాసిన కాగితం చూసుకుని మాత్రలు ఆపేయడం ఎంత తప్పో, తేడా ఉందన్న కాగితం ఒక్కటి పట్టుకుని జీవితాంతం మాత్రలు మింగడం కూడా అంతే తప్పు.

మరి ఈ జబ్బుని కనిపెట్టేది ఏంది? పక్కనుండి చూసినవాళ్ళు చెప్పే మాట. ఇంత చదువుకున్న న్యూరాలజిస్టు కూడా మొదట అడిగేది అదే: ఎవరు చూశారు, ఏం చూశారు, మొదట ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది. ఫిట్స్ వచ్చిన మనిషికి చాలావరకు అది గుర్తుండదు కాబట్టి అతన్ని ఒక్కణ్ణే అడిగి లాభం లేదు. చూసినవాళ్ళు చెప్పాలి. మన జిల్లాలో చూసినవాళ్ళు నోరు విప్పరు. "ఎవురికీ చెప్పబాక" అని మొదటి రోజే ఇంట్లో ఒట్టేయించుకుంటారు, ఆ ఒట్టు డాక్టరు రూములోకి కూడా వస్తుంది. దాచడం పరువు సంగతి అనుకుంటాం గాని అది నేరుగా వైద్యాన్ని చెడగొడుతుంది. నేను ఇక్కడ వాదించదలచుకున్నది అంతే.

మా మేనకోడలి సంగతి చెప్తే అర్థమవుతుంది. ఇంటర్ మొదటి సంవత్సరం, నెల్లూరులో ఒక రెసిడెన్షియల్ కాలేజీ. పేరు అనవసరం, అన్నీ ఒకటే. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, తెల్లవారి ఐదుకి మళ్ళీ స్టడీ అవర్. ఒకరోజు తెల్లవారి స్టడీలో బెంచీ మీదనుంచి పడిపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. కాలేజీవాళ్ళు ఆటోలో వేసుకుపోయి ఒక ఆస్పత్రిలో చూపించి, మా అక్కకి ఫోన్ చేసి, "ఇట్లాంటి కేసు మేం పెట్టుకోలేం, రిస్కు, తీసుకుపోండి" అన్నారు. ఆస్పత్రిలో "ఏం జరిగింది" అని అడిగితే వార్డెన్ చెప్పింది "పడిపోయింది సార్" అని. అంతే. పక్క బెంచీలో కూర్చుని చూసిన పిల్లల్ని ఎవరూ అడగలేదు. స్కాన్ తీశారు, బాగుంది. కార్బమజిపిన్ అనే ఫిట్స్ మాత్ర రాశారు. అది మంచి మందే, ఎంతోమందికి పనిచేసే మందే. మా పిల్లకి మాత్రం దాంతో జబ్బు ఎక్కువయింది.

ఎక్కువయిందని ఎట్లా తెలిసిందంటే, పొద్దున పూట. మా అక్క వాళ్ళ ఇంట్లో వేపచెట్టు కింద కుళాయి దగ్గర నిలబడి పళ్ళు తోముకుంటుంటే బ్రష్ ఎగిరి అవతల పడేది. టీ గ్లాసు చేతికిస్తే ఉలిక్కిపడినట్టు చెయ్యి ఒక్కసారి పైకి ఎగిరి టీ అంతా గౌను మీద. స్పృహ ఏమీ తప్పదు, మాట్లాడుతూనే ఉంటుంది, తనే నవ్వుతుంది. ఇది ఇంతకుముందు నుంచీ అప్పుడప్పుడూ ఉందట. ఇంట్లో అందరూ "దీనికి చేతిలో ఏదీ నిలవదు" అని తిట్టడమే గాని ఎవరూ దాన్ని జబ్బు కింద అనుకోలేదు. ఎందుకనుకుంటారు? ఫిట్స్ అంటే మనకి తెలిసింది నేలమీద పడి నురగ కక్కడమే. రెండో డాక్టరు, నెల్లూరు పొగతోటలో, కాగితాలన్నీ పక్కన పెట్టి, మా పిల్లని కూడా కాదు, మా అమ్మని అడిగాడు: "అవ్వా, పొద్దున్నే ఈ పాప చేతిలో వస్తువులు పడిపోతుంటాయా?" మా అమ్మకి ఎవరూ ఒట్టేయించలేదు పాపం, వేయించినా వినే మనిషి కాదు. టీ గ్లాసుల లెక్కతో సహా చెప్పేసింది. అప్పటికి మా అక్క పెద్దకొడుకు ఫోన్లో ఆ చేతుల కుదుపు వీడియో కూడా తీసి ఉన్నాడు, చెల్లెల్ని ఏడిపించడానికి. డాక్టరు ఆ వీడియో రెండుసార్లు చూసి మందు మార్చాడు.

దీన్ని జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అంటారు. పన్నెండు, పద్దెనిమిదేళ్ళ మధ్య మొదలవుతుంది, నిద్ర చాలకపోతే పెరుగుతుంది, నిద్ర లేచిన గంటా గంటన్నరలో చేతులు కుదుపుతాయి. కార్బమజిపిన్, ఫెనిటాయిన్ లాంటి మందులు ఈ రకంలో ఆ కుదుపుల్ని పెంచగలవు. సరైన మందు పడితే చాలామందికి పూర్తిగా అదుపులోకి వస్తుంది. స్కాన్‌కి దొరకనిది ఒక ముసలామె టీ గ్లాసుల కథలో దొరికింది. మొదటి డాక్టరుని నేను తప్పు పట్టను, ఆయనకి అందిన మాట "పడిపోయింది సార్" ఒక్కటే.

చూసినవాళ్ళు ఏం గమనించాలో చెప్తాను. పడకముందు ఏం చేస్తున్నాడు, నిలబడి ఉన్నాడా, పడుకుని ఉన్నాడా. తల, కళ్ళు ఒకపక్కకి తిరిగాయా, ఏ పక్కకి. కుదుపు ఒక చేత్తో మొదలై పాకిందా, ఒక్కసారే ఒళ్ళంతా వచ్చిందా. ఎంతసేపు? దీనికి గడియారం చూడాలి, ఎందుకంటే పక్కనున్నవాళ్ళకి ఒక నిమిషం అరగంట లాగా ఉంటుంది, ప్రతివాళ్ళూ "పావుగంట కొట్టుకున్నాడు సార్" అనే చెప్తారు. అయిపోయాక ఎంతసేపటికి పేరు చెప్పగలిగాడు, నాలుక పక్కన కరుచుకున్నాడా. ఎండలో క్యూలో నిలబడి కళ్ళు చీకట్లు కమ్మి, చెమటపట్టి పడిపోయి, పడుకోబెట్టగానే తేరుకున్నవాడిది చాలావరకు కళ్ళు తిరగడమే, దాంట్లో కూడా రెండు మూడు కుదుపులు ఉండొచ్చు. ఫిట్స్ వచ్చినవాడు తేరుకున్నాక కూడా కాసేపు అయోమయంగా ఉంటాడు, ఒళ్ళంతా కొట్టినట్టు నొప్పులంటాడు. ఇంకోటి ఉంది, కళ్ళు గట్టిగా మూసుకుని చాలాసేపు కొట్టుకోవడం, ఆగి మళ్ళీ మొదలవడం, మనసులో బరువు వల్ల వచ్చేది. దాన్ని చూసి "నటిస్తా ఉంది" అనేస్తారు ఇంట్లో. నటన కాదు, ఆ పిల్ల చేతిలో లేదు అది, కాకపోతే దానికి ఫిట్స్ మాత్రలు పనిచేయవు, వేరే వైద్యం కావాలి. ఈ మూడింటినీ విడదీయడానికి ఫోన్లో తీసిన ఒక నిమిషం వీడియో చాలా పనికొస్తుంది. ముందు మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఆ తర్వాత మొహం, రెండు చేతులూ కనపడేట్టు తీయండి, కుదుపు ఆగాక కూడా ఆపకుండా "పేరేంది?" అని అడుగుతూ తీయండి. తీసింది డాక్టరుకి చూపించండి, వాట్సాప్ గ్రూపుకి కాదు.

నేలమీద పడని రకం ఇంకా ఘోరంగా దాటిపోతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, ఒకవైపు చూస్తూ, నోరు ఏదో నములుతున్నట్టు కదిలిస్తూ, చొక్కా గుండీ పీక్కుంటూ ఒక నిమిషం ఉండి, మళ్ళీ మామూలైపోతారు. అది కూడా ఫిట్సే. దానికి మన ఊళ్ళలో గాలి అనో, దృష్టి అనో పేరు పెట్టి తాయెత్తు కట్టించడంలోనే ఏళ్ళు గడిచిపోతాయి. నేను తాయెత్తుకి వ్యతిరేకిని కాదు. మా అక్క ఏటా మొహర్రం నెలలో నెల్లూరు బారా షహీద్ దర్గాకి పోయి, జబ్బు నయం కావాలని మొక్కుకుని స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె పట్టుకుంటుంది, నేనే బండి మీద తీసుకుపోతాను. రొట్టె పట్టుకో, మాత్ర మింగు, రెండింటికీ తగాదా లేదు.

అన్నట్టు ఒకసారి ఫిట్స్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. ఆర్నెల్ల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకి జ్వరంలో వచ్చేది వేరు, వాళ్ళలో ఎక్కువమందికి పెద్దయ్యాక ఏమీ ఉండదు. తాగుడు ఒక్కసారిగా మానేసిన రెండో రోజున వచ్చేది వేరు, ఒంట్లో షుగరో ఉప్పో పడిపోయి వచ్చేది వేరు. ఇట్లాంటి కారణం ఏదీ లేకుండా, 24 గంటలకి మించిన తేడాతో రెండుసార్లు వస్తే దాన్ని జబ్బు అంటారు. ఒక్కసారే వచ్చినా, మళ్ళీ వచ్చే అవకాశం బాగా ఎక్కువని స్కానో ఈఈజీనో చెప్తుంటే అప్పుడు కూడా జబ్బు కిందే లెక్క.

స్కాన్‌కి కూడా దాని పని దానికుంది. ఈ దేశంలో ఫిట్స్‌కి ఒక పెద్ద కారణం మెదడులో పురుగు తిత్తి, పందుల్లో పెరిగే బద్దెపురుగుది. ఆ రిపోర్టు చూపించగానే "మేం పంది మాంసం ముట్టం సార్, అసలు నీసే తినం" అని దెబ్బలాటకొస్తారు. మాంసంలోంచి కడుపులోకి పోయేది పురుగు. మెదడుకి పోయేది దాని గుడ్డు. ఆ గుడ్డు పురుగున్న మనిషి మలంలోంచి వస్తుంది, నీళ్ళకీ పచ్చి కూరకీ కడుక్కోని చేతికీ అంటుకుంటుంది. అందుకే శాకాహారులకి కూడా వస్తుంది. స్కాన్‌లో ఒకే ఒక చిన్న తెల్ల ఉంగరం లాగా కనపడితే చాలావరకు అది కొన్ని నెలల్లో కరిగిపోతుంది, అట్లాంటి వాళ్ళకి మాత్రలు కూడా త్వరగానే ఆపేస్తారు. టీబీ గడ్డ కూడా అట్లానే కనపడుతుంది కాబట్టి అది తేల్చుకోవాలి. ఒకే తిత్తి అని తేలితే అది మంచి వార్త కింద లెక్క, కానీ ఆ రిపోర్టు చూసి ఏడ్చేవాళ్ళే ఎక్కువ.

ఇక మాత్రలు, ఇది నా షాపు సంగతి. 2000 సంవత్సరంలో గ్లాస్గో డాక్టర్లు క్వాన్, బ్రోడీ ఒక లెక్క వేశారు. అంతకుముందు ఏ మందూ వాడని 470 మందిని చూస్తే, 47 శాతం మందికి మొదటి మందుతోనే ఫిట్స్ ఆగిపోయాయి, ఇంకో 13 శాతానికి రెండో మందుతో, ఆ తర్వాత ఎన్ని మార్చినా కలిసొచ్చింది 4 శాతమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సరిగ్గా గుర్తించి మందు ఇస్తే 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చు అంటుంది. దీనికి ఖరీదు మందులే కావాలని లేదు. మన జనం గార్డినాల్ అని అడిగే ఫినోబార్బిటాల్ 1912 నుంచి వాడకంలో ఉంది, ఎప్టాయిన్ అని అడిగే ఫెనిటాయిన్ 1938 నుంచి. వాటికి నష్టాలు ఉన్నాయి, మగతగా ఉండటం, చిగుళ్ళు పెరగడం లాంటివి, కానీ రోజూ వేసుకుంటే పనిచేస్తాయి. ఇక్కడ చిక్కంతా రోజూ అన్నదాంట్లోనే ఉంది. సగం స్ట్రిప్పు కొనుక్కుపోయేవాళ్ళని చూసి డబ్బుల్లేక అనుకుంటారు గాని, చాలామంది ఇంట్లో దాచడానికి చోటు లేక. ఆత్మకూరు వైపు నుంచి ఒకామె కావలి దాకా బస్సులో వచ్చి కొనుక్కుపోతుంది, వాళ్ళ ఊళ్ళో షాపతను మొగుడికి దోస్తు కాబట్టి. మాత్రల్ని స్ట్రిప్పుల్లోంచి తీసి బీకాంప్లెక్స్ డబ్బాలో వేసుకుంటుంది. తిరునాళ్ళకి పుట్టింటికి పోయి, ఆ డబ్బా మర్చిపోతే, అడిగి తెప్పించుకునే దారి ఉండదు. హఠాత్తుగా మాత్ర ఆగితే మామూలుగా వచ్చేదానికంటే పెద్ద ఫిట్స్, ఆగకుండా వచ్చేవి, రావచ్చు. ఆమె వైద్యం బీకాంప్లెక్స్ డబ్బా మీద ఆధారపడి ఉంది, ఏ డాక్టరైనా దానికేం చేస్తాడు?

ఆడపిల్లలకి ఇంకో మాట. సోడియం వాల్‌ప్రోయేట్ చాలా రకాల ఫిట్స్‌కి గట్టి మందు, మా మేనకోడలి రకానికి మరీను. కానీ గర్భంలో ఉన్నప్పుడు అది వాడితే పుట్టే పిల్లల్లో పదిమందిలో ఒకరికి అవయవ లోపం, పదిమందిలో ముగ్గురు నలుగురికి మాటా చదువూ వెనకబడటం లాంటి ఇబ్బంది ఉంటుందని తేలింది. అందుకే వేరే మందుతో అదుపయ్యే ఆడపిల్లలకి దాన్ని పెట్టరు. మా పిల్లకి లెవెటిరాసిటామ్ పెట్టారు. ఫిట్స్ ఆగాయి, కోపం మొదలైంది, అన్నం ప్లేటు విసిరేసేంత కోపం. మా అక్క పరీక్షల టెన్షన్ అనుకుంది. ఆ మందుతో కొందరికి అట్లా వస్తుంది, డాక్టరుకి చెప్తే డోసు సర్దాడు, తగ్గింది. ఇది చదివి వాల్‌ప్రోయేట్ వేసుకుంటున్న ఆడవాళ్ళు రేపు పొద్దున ఆపేయబాకండి, ముఖ్యంగా కడుపుతో ఉంటే. డాక్టరుతో మాట్లాడి నెమ్మదిగా మార్చుకునే పని అది. పిల్లల్ని కనాలనుకున్నప్పుడు ముందే చెప్తే, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టి, మందు సర్ది పంపిస్తారు. ఈ జబ్బున్న ఆడవాళ్ళలో ఎక్కువమంది ఆరోగ్యమైన పిల్లల్నే కంటున్నారు. ముందే చెప్పాలంటే, మళ్ళీ అదే, ఇంట్లో తెలిసి ఉండాలి.

సరిగ్గా ఎంచిన రెండు మందులు సరైన డోసులో వాడినా ఆగకపోతే మూడోది, నాలుగోది అంటూ ఏళ్ళు గడపకుండా సర్జరీకి పనికొస్తామేమో అడగాలి. కెనడాలో చేసి 2001లో ప్రచురించిన పరీక్షలో, కణత వైపు మెదడు భాగం నుంచి ఫిట్స్ వచ్చేవాళ్ళకి ఆపరేషన్ చేస్తే ఏడాది తర్వాత 58 శాతం మంది స్పృహ తప్పే ఫిట్స్ లేకుండా ఉన్నారు, మందులతోనే ఉంచినవాళ్ళలో 8 శాతం. మెదడు కోయడం అనగానే మనవాళ్ళు లేచి నిలబడతారు, నాకు తెలుసు. తిరువనంతపురంలో శ్రీ చిత్ర సంస్థ 1995 నుంచి ఈ ఆపరేషన్లు చేస్తోంది. శబరి ఎక్స్‌ప్రెస్ ఒంగోలు, నెల్లూరు మీదగానే పోతుంది. అందరికీ పనికిరాదు, కానీ పనికొస్తుందో లేదో కూడా అడక్కుండా ఇరవై ఏళ్ళు మాత్రలు మారుస్తూ పోయినవాళ్ళ చీటీలు నా చేతిమీదుగా వెళ్ళాయి.

బస్టాండు దగ్గర షాపు కాబట్టి ఫిట్స్ వచ్చి పడినవాళ్ళని మా ముందే చూస్తుంటాం. పోయిన వేసవిలో ఒక కుర్రాడు మా మెట్ల మీదనే పడ్డాడు. క్షణంలో జనం మూగారు. ఒకాయన బండి తాళాలు తీసి గుప్పిట్లో పెట్టడానికి వేళ్ళు విడదీస్తున్నాడు, ఇంకొకాయన సోడా కొట్టువాడి స్పూను తెచ్చి పళ్ళమధ్య దూర్చబోయాడు, బజ్జీల బండామె ఉల్లిపాయ నలిపి ముక్కు దగ్గర పెట్టింది. నేను తల కింద నా తువ్వాలు పెట్టి గోడ గడియారం వైపు చూస్తుంటే "ఏంది సార్ నువ్వు, మనిషి చస్తా ఉంటే టైము చూస్తావు" అని కసురుకున్నాడు తాళాలాయన. రెండు నిమిషాల లోపే ఆగిపోయింది. చాలావరకు అట్లానే దానంతట అదే ఆగిపోతుంది. ఆగినప్పుడు చేతిలో తాళాలుంటే ఆ ఘనత తాళాలకి పోతుంది, తాతల నాటి నుంచీ ఇదే లెక్క. నోట్లో ఏమీ పెట్టకూడదు, పళ్ళు విరుగుతాయి, ముక్క గొంతుకి అడ్డం పడుతుంది. నాలుక మింగేయడం అనేది జరగదు. గట్టిగా అదిమి పట్టుకోకూడదు. చుట్టూ గట్టి వస్తువులు తీసేసి, వీలైతే అప్పుడే, లేకపోతే కుదుపు తగ్గగానే పక్కకి తిప్పాలి, పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్ళు కూడా పోయకూడదు. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండా మళ్ళీ వచ్చినా, నీళ్ళలో పడినా, కడుపుతో ఉన్నామె అయినా వెంటనే 108. డాక్టరు రాసిస్తే ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే దొరుకుతుంది, తరచుగా వచ్చేవాళ్ళ ఇంట్లో అదొకటి ఉంచుకోవాలి. ఆ కుర్రాడు తేరుకున్నాక జేబులో చీటీ ఏమన్నా ఉందేమోనని చూశాం, ఏమీ లేదు. ఎవరింటి పిల్లాడో, ఏ మందు మీదున్నాడో ఎవరికీ తెలియదు.

పని దగ్గర సంగతి ఇంకా కష్టం. అల్లూరు, ఇస్కపల్లి వైపు నుంచి రొయ్యల గుంటల మీద పనిచేసే పిల్లలు మా దగ్గరికి వస్తారు. రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే గుంటలో ఆక్సిజన్ పడిపోయి పంటంతా పోతుంది, కాబట్టి కాపలా వాడు రాత్రంతా మేలుకోవాలి. ఫిట్స్ ఉన్నవాడికి నిద్ర చెడటం, నీళ్ళ గట్టు, ఒంటరితనం, మూడూ ఒకేచోట కలిసిన ఉద్యోగం అది. ఒకబ్బాయి "ఇంకొంచెం పవర్ ఉన్న మాత్ర లేదా అన్నా?" అని అడిగాడు. అతనికి కావలసింది పవర్ ఉన్న మాత్ర కాదు, పగటి పని. పగటి పని అడగాలంటే ఓనరుకి చెప్పాలి, చెప్తే ఉన్న పని కూడా పోతుందని భయం. ఆ భయం తప్పని నేను అనలేను. మన చట్టం కూడా అట్లానే ఉంది మరి. డ్రైవింగ్ లైసెన్సు కోసం నింపే ఫారం 1లో ఎపిలెప్సీ ఉందా అని సూటిగా అడుగుతారు, అవునంటే కథ అక్కడితో ఆగిపోతుంది, పదేళ్ళుగా ఫిట్స్ రాకపోయినా. బ్రిటన్‌లో ఏడాదిపాటు రాకుండా ఉంటే కారు లైసెన్సు ఇస్తారు. ఇంతకాలం రాకపోతే ఇస్తాం అంటే మనిషి మాత్రలు సరిగ్గా వేసుకుంటాడు, ఎప్పటికీ ఇవ్వం అంటే అబద్ధం రాస్తాడు. చీమకుర్తి గ్రానైట్ లారీల మీద అట్లా అబద్ధం రాసినవాళ్ళు ఎంతమంది ఉన్నారో అనుకుంటేనే నాకు భయం.

ఇంట్లో జాగ్రత్తలు చెప్పాలంటే చాలా ఉన్నాయి గాని అందరికీ తెలిసినవే: బాత్రూం గడియ పెట్టుకోకపోవడం, బావిలో ఈతకి ఒంటరిగా పోకపోవడం, పొయ్యి దగ్గర జాగ్రత్త. ఒక్కటి మాత్రం మన దక్షిణాదిలో ఎక్కువగా కనపడేది. తలమీద వేడినీళ్ళు కుమ్మరించుకుంటే వచ్చే ఫిట్స్, ముఖ్యంగా కర్ణాటకలో డాక్టర్లు చాలా కేసులు రాశారు. తలంటు రోజునే వస్తోందంటే దయ్యం శనివారం పట్టుకుందని కాదు, నీళ్ళు గోరువెచ్చగా వాడి చూసి, డాక్టరుకి ఆ సంగతి చెప్పండి. రెండోది చెప్పడానికి ఇష్టం లేనిది. నిద్రలో ఫిట్స్ వచ్చి మనిషి అట్లానే పోవడం అరుదుగా జరుగుతుంది, ఈ జబ్బున్న పెద్దవాళ్ళలో ఏడాదికి వెయ్యిమందిలో ఒకరికి. ఒళ్ళంతా కొట్టుకునే ఫిట్స్ అదుపులో లేనివాళ్ళకి ఆ ప్రమాదం ఎక్కువ. మాత్ర తప్పకపోవడం, రాత్రి అదే గదిలో ఇంకొకరు ఉండటం ముఖ్యం అనేది ఇందుకే.

పెళ్ళి దగ్గరికి వస్తే నా వాదన మా ఇంట్లోనే చెల్లడం లేదు. హిందూ వివాహ చట్టంలో 1976లో చేర్చిన ఒక మాట ప్రకారం తరచూ మూర్ఛ వచ్చేవాళ్ళు పెళ్ళికి అర్హులు కారు. 1999 సవరణలో ఆ మాట తీసేశారు. ఇప్పుడు ఫిట్స్ ఉందన్న కారణంతో పెళ్ళి చెల్లదని ఎవరూ అనలేరు. కానీ అదే చట్టం 12వ సెక్షన్‌లో, ముఖ్యమైన విషయం దాచి మోసంతో ఒప్పించారని కోర్టుకి పోయే దారి అట్లానే ఉంది. అంటే జబ్బు వల్ల రాని ముప్పు దాచడం వల్ల రావచ్చు. ఇది మా అక్కకి చెప్తే "నీ సెక్షన్లు నీ దగ్గర పెట్టుకో అబ్బయా, చెప్తే గడప తొక్కేవాడుండడు" అంటుంది. ఆమె మాట కొట్టేయలేను, వెనక్కిపోయిన సంబంధాలు చూశాను. కాకపోతే పెళ్ళయ్యాక అత్తగారింట్లో బీకాంప్లెక్స్ డబ్బాతో బతికే ఆత్మకూరామెని కూడా వారం వారం చూస్తున్నాను. ఊరంతటికీ చాటింపు వేయమని నేననడం లేదు. హాస్టల్లో ఒకరికి, పని దగ్గర ఒకరికి, పెళ్ళి చేసుకునేవాడికి, అంతే. పడిపోయినప్పుడు పక్కకి తిప్పేవాడు, గడియారం చూసేవాడు, డాక్టరుకి చెప్పేవాడు ఒకడు ఉండాలి.

మా మేనకోడలు ఇప్పుడు సచివాలయంలో ఉద్యోగం చేస్తోంది. ఫిట్స్ వచ్చి చాలా కాలమైంది, మాత్ర మాత్రం నడుస్తూనే ఉంది. ఆమె రకం జబ్బులో ఆపితే మళ్ళీ వచ్చేవాళ్ళు ఎక్కువని డాక్టరు చెప్పాడు, తను కూడా ఆపమని అడగలేదు. పొదిలి నుంచి ఒక సంబంధం వచ్చింది. ముందే చెప్దామని నేను, తాంబూలాలయ్యాక చూద్దామని మా అక్క, ఫోన్లో గంటసేపు కొట్టుకుంటుంటే ఆ పిల్ల ఫోను లాక్కుని "మామయ్యా, చెప్పేది నేను చెప్పుకుంటాను, మీరిద్దరూ ఆ రోజు నోరు మూసుకుని కూర్చుంటే చాలు" అంది. వాళ్ళు శ్రావణంలో వస్తున్నారు.